డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో వర్తకులతో బేరం: మా శ్రీకాకుళం గుంపుని తరచుగా అడిగే ప్రశ్నలు

మా గుంపులో ఎనిమిది మందిమి. శ్రీకాకుళంలో నలుగురం, విజయనగరంలో ముగ్గురు, బొబ్బిలిలో మా బావమరిది. రాత్రి పదయ్యాక డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ పట్టుకుని కూర్చునే బాపతు. కొత్తగా చేరిన ప్రతివాడూ కోట గురించో యుద్ధం గురించో అడుగుతాడనుకుంటాం. అడగడు. "అన్నా, వర్తకులొచ్చారు, ఇప్పుడేటి చెయ్యాల?" అంటాడు. అర్ధరాత్రి ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెట్టాను. ఆటలో తెర మీద మాటలన్నీ ఇంగ్లీషే కాబట్టి కొన్ని పేర్లు అలాగే ఉంచాను.

అసలిది ఏం ఆట?

టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు బే 12 గేమ్స్ పేరుతో చేసిన ఆట. 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అప్పట్లో బొమ్మల్లేవు, మనిషైనా మేకైనా తెర మీద ఒక అక్షరమే. బొమ్మలతో, మౌసుతో ఆడే రూపం 2022 డిసెంబరు 6న ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో వచ్చింది, ప్రచురించింది కిట్‌ఫాక్స్ గేమ్స్. ఉచిత రూపం ఇప్పటికీ ఉంది. ఏడుగురు డ్వార్ఫులతో, అంటే కథల్లోని మరుగుజ్జు జాతివాళ్ళతో, ఒకచోట దిగి, తవ్వుకుని, వండుకుని, బతకాలి. మీరు ఎవరినీ చెయ్యి పట్టి నడిపించరు. పని చెబుతారు, ఎప్పుడు చేస్తారన్నది వాళ్ళ ఇష్టం. ఇంట్లో పిల్లలకి పని చెప్పినట్టే.

వర్తకులు ఎప్పుడొస్తారు? ఎవరెవరు?

మూడు రకాల వాళ్ళు. వసంతంలో ఎల్ఫులు (కథల్లోని అడవి జాతి), వేసవిలో మనుషులు, శరదృతువులో మన డ్వార్ఫుల సొంత రాజ్యం వాళ్ళు. మొదటి ఏడాది నమ్ముకోదగ్గది శరదృతువు క్యారవాన్, అంటే వర్తకుల బిడారు, ఒక్కటే. ఆటలో నెలకి 28 రోజులు, ఏడాదికి 12 నెలలు. దిగేది వసంతంలో కాబట్టి మీ చేతిలో ఆరు నెలలు ఉన్నట్టు. మీ చుట్టుపక్కల ఎల్ఫులో మనుషులో లేకపోయినా, వాళ్ళతో మీ రాజ్యానికి యుద్ధం ఉన్నా ఆ క్యారవాన్ రాదు. "వేసవి దాటిపోయింది, ఎవరూ రాలేదు" అని కంగారు పడక్కర్లేదు.

డిపో కట్టాను. జంతువుల మీద సరుకు వచ్చింది గానీ బళ్ళు రాలేదు. ఎందుకు?

ట్రేడ్ డిపో అంటే వర్తకులు సరుకు దించి బేరమాడే చోటు. 5 గడుల పొడవు, 5 గడుల వెడల్పు. కట్టడానికి రాయో, దుంగో, ఏదైనా మూడు ముక్కలు చాలు. కట్టడం తేలిక, బండి రావడమే కష్టం. మనుషులూ డ్వార్ఫులూ బళ్ళు కట్టుకొస్తారు. మ్యాప్ అంచు నుంచి డిపో దాకా మూడు గడుల వెడల్పు దారి ఎక్కడా తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక్క బండరాయి, ఒక్క చెట్టు, మీరు శత్రువుల కోసం పెట్టిన ఒక్క ఉచ్చు చాలు, మీ చోటికి దారి లేదని చెప్పి బళ్ళు అటునుంచటే వెళ్ళిపోతాయి. మెట్లు ఎక్కవు, వాలు దారి ఎక్కుతాయి. ఎత్తుడు వంతెన ఫరవాలేదు, అదీ మూడు గడులుండాలి.

నిరుడు బాగానే వచ్చిన బళ్ళు ఈ ఏడాది రాలేదంటే, నూటికి తొంభై పాళ్ళు దారిలో మొక్క మొలిచి చెట్టయిందన్నమాట. ఒకసారి ఓపిక పట్టి దారి పొడుగునా రాతి రోడ్డు వేసేయండి. రోడ్డు మీద చెట్టు మొలవదు. ఎల్ఫులకి బళ్ళు లేవు, జంతువుల వీపు మీదే తెస్తారు, కాబట్టి వాళ్ళు సందులోంచైనా దూరి వస్తారు.

బేరం తెర తెరిచాను, ధరలే కనపడటం లేదు.

మీ దళారికి వెల కట్టడం రాదు. ఆటలో బ్రోకర్ అనే పదవి ఉంటుంది, పెద్దల జాబితాలో ఎవరో ఒకరికి కట్టబెట్టాలి. వాడికి అప్రైజర్ నైపుణ్యం కొంచెమైనా ఉంటే వస్తువుల విలువలు కనపడతాయి. ఆట మొదలుపెట్టేటప్పుడే ఏడుగురిలో ఒకడికి ఆ నైపుణ్యం ఒక్క మెట్టు ఇచ్చి పెట్టండి. మర్చిపోయారా, చిన్న బేరం ఒకటి గుడ్డిగా చేసేయండి, ఆ అనుభవంతో వాడికి కళ్ళు తెరుచుకుంటాయి.

దళారిగా ఎవరిని పెట్టాలన్నది ఇంకో సంగతి. గని తవ్వేవాడినో, వైద్యుడినో పెడితే క్యారవాన్ వచ్చిన రోజునే వాడికి పని తగులుతుంది, లేదా నిద్ర, లేదా తాగుడు. ఎవరైనా బేరం చెయ్యొచ్చు అని కూడా పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు డిపో దగ్గరికి ఎవడు వస్తాడో తెలీదు. మాటకారి కానివాడు వస్తే బేరం చెడుతుంది. ఖాళీగా తిరిగే వాడొకడు ప్రతి కోటలోనూ ఉంటాడు, వాడికి ఇవ్వండి.

అమ్మడానికి ఏం చేయించాలి?

రాతి మగ్గులు. ఏ కొత్తవాడికైనా నేను చెప్పేది ఇదే, వేరే ఆలోచన వద్దు. తవ్విన ప్రతిచోటా బండరాళ్ళు పడి ఉంటాయి, నడిచే దారిలో అడ్డం. క్రాఫ్ట్స్‌డ్వార్ఫ్ వర్క్‌షాప్‌లో ఒక రాయి ఇస్తే మూడు మగ్గులొస్తాయి. బొమ్మలు, ఉంగరాలు, కిరీటాల్లాంటి చిల్లర కళావస్తువులైతే ఒక రాయికి ఒకటి నుంచి మూడు, ఎన్నొస్తాయో చెప్పలేం. మగ్గుకి ఆ గొడవ లేదు. పైగా మీ డ్వార్ఫులు తాగడానికీ పనికొస్తాయి.

అందరి చేతా చేయించకండి. ఒక్కడిని పట్టుకుని, వాడికి ఆ పని తప్ప ఇంకేదీ చెప్పకండి. ఆరు నెలలు రాయి చెక్కితే వాడి చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగినవాడి మగ్గుకీ తిరగనివాడి మగ్గుకీ రాయి ఒకటే, ధర ఒకటి కాదు.

ఆ లెక్క కొంచెం వివరంగా?

మగ్గు మూల విలువ 10. మామూలు రాయికి గుణకం 1. పనితనాన్ని బట్టి మళ్ళీ గుణకం: సాధారణం 1, బాగా చేసింది 2, నాజూకుగా చేసింది 3, మేలైనది 4, అసాధారణం 5. ఆ పైన మాస్టర్‌వర్క్. దానికి 6 అనుకుంటారు అందరూ. 12.

అంటే అదే రాయిలోంచి కొత్త కుర్రాడు తీసిన మగ్గు 10, ఆరితేరినవాడు తీసిన మాస్టర్‌వర్క్ మగ్గు 120. ఒక బండరాయికి మూడు మగ్గులు, మూడూ మాస్టర్‌వర్క్ అయితే 360. కాలికి అడ్డం తగిలిన రాయి అది.

లోహాల గుణకాలు వేరు. రాగి 2, కంచు 5, ఇనుము 10, వెండి 10, ఉక్కు 30, బంగారం 30, ప్లాటినం 40. బంగారపు బొమ్మ మాస్టర్‌వర్క్ అయితే 10 ఇంటూ 30 ఇంటూ 12, మొత్తం 3600. వస్తువు మీద రత్నాలు పొదిగినా, ఎముకతో నగిషీ చేసినా ఆ విలువ విడిగా కలుస్తుంది.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. మా ఇంట్లో బుడితి చెంబు ఒకటుండేది, మా నాయనమ్మది. సరవకోట దగ్గర బుడితిలో కంచు, ఇత్తడి పనివాళ్ళు చేతితో చేసే సామాను మన జిల్లాలో ఎవరికి తెలీదు? అడుగున చిన్న చిల్లు పడిందని అమ్మకానికి తీసుకెళ్తే కొట్టువాడు చెంబుని తిప్పి చూడను కూడా చూడలేదు. త్రాసులో పడేశాడు. పాత కంచు కిలోకి ఇంత, అంతే. గీతల పని, మెడ దగ్గర వంపు, అన్నీ సున్నాతో గుణించాడు. ఈ ఆటలో మజూరీకి 12 రెట్లు కడతారని తెలిసిన రోజున నాకు మొదట గుర్తొచ్చింది ఆ త్రాసే.

పొందూరు ఖద్దరు నేసేవాళ్ళకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్నని నూలు తీసే చోట, పత్తి ధరెంత, గుడ్డ ధరెంత?

ఎల్ఫులకి కోపమొచ్చి వెళ్ళిపోయారు. నేనేం తప్పు చేశాను?

చెక్క చూపించారు.

ఎల్ఫులకి చెట్టంటే ప్రాణం. చెక్కతో చేసిన ఏ వస్తువునైనా అమ్మకానికి పెడితే అవమానంగా తీసుకుంటారు. చెక్క బొమ్మ ఇవ్వకూడదని అందరికీ తెలుసు, అక్కడ ఎవరూ పడరు. పడేది పెట్టె దగ్గర. నా రెండో కోటలో నాలుగు పెట్టెల నిండా రాతి మగ్గులు, ఒక్క పుల్ల ముక్క లేదు. వాళ్ళ దగ్గర మచ్చిక చేసిన ఎలుగుబంటి ఒకటి ఉంది, దాని మీద నా కన్ను. నాలుగు పెట్టెలకీ టిక్కు పెట్టి బేరం నొక్కాను. వాళ్ళు ముఖం మాడ్చుకుని సరుకు సర్దేసుకున్నారు. పది నిమిషాలు తెర వైపు చూస్తూ కూర్చున్నాక వెలిగింది: మగ్గులు రాయి, పెట్టె చెక్క. పెట్టెకి టిక్కు పెడితే పెట్టె కూడా అమ్మినట్టే. ఎలుగుబంటి నడుచుకుంటూ మ్యాప్ దాటిపోయింది.

అందుకని ఎల్ఫులు వచ్చినప్పుడు పెట్టె తెరిచి లోపలి వస్తువులకే ఒక్కొక్కటిగా టిక్కు పెట్టండి. తిండి పదార్థాలు చెక్క పీపాల్లో ఉంటే వాటి జోలికి పోవద్దు, ముందే రాతి కుండలు చేయించుకుని వాటిలో పెట్టించండి. రాతి వస్తువు మీద చెక్కతో నగిషీ ఉన్నా తప్పే. ఎముకకీ తోలుకీ మాత్రం వాళ్ళకి అభ్యంతరం లేదు, అదో వింత.

పనస దుంగని ఒకే ముక్కగా తొలిచి చేసే బొబ్బిలి వీణని ఎల్ఫు చేతిలో పెడితే ఏమవుతుందని మా బావమరిది అడిగాడు. వీణ ఊళ్ళోనే పుట్టాడు కదా, అభిమానం. యుద్ధమే బావా అన్నాను.

లాభం వాళ్ళకి ఎంత వదలాలి?

సంతలో కొసరు అడగనివాడు మన దగ్గర లేడు. ఇక్కడ కొసరు వేసేది మీరు. ఇటు మీ సరుకు విలువా అటు వాళ్ళ సరుకు విలువా సమానంగా పెడితే వర్తకుడు ఒప్పుకోడు, వాడికీ గిట్టుబాటు కావాలి. కాదన్న ప్రతిసారీ వాడి ఓపిక ఒక మెట్టు తగ్గుతుంది, చివరికి బేరమే వద్దంటాడు. కొన్నిసార్లు ఫలానా వస్తువు కూడా కలిపితే ఒప్పుకుంటానని తనే అడుగుతాడు.

నేను పాటించేది: వాళ్ళ సరుకు 100 అయితే నాది 150. దళారి కొత్తవాడైతే 200. మా విజయనగరం కుర్రాడొకడు 110 దగ్గర మొదలుపెట్టి పదేసి పెంచుతూ పోతాడు, గంటస్తంభం దగ్గర చొక్కా బేరమాడినట్టు. నాలుగు మగ్గులు మిగుల్చుకుంటాడు, వర్తకుడి మనసు పోగొట్టుకుంటాడు. మగ్గులకి కొరతా మనకి? వర్తకులు మీ దగ్గర బాగా లాభపడితే వచ్చే ఏడాది ఎక్కువ సరుకుతో వస్తారు, అది మర్చిపోకండి.

బరువు హద్దు దాటిందంటోంది.

తెర కింద వాళ్ళు ఇంకెంత మోయగలరో చూపిస్తుంది. రాయి బరువు. ఎల్ఫులకి జంతువులే కాబట్టి వాళ్ళ దగ్గర తొందరగా నిండిపోతుంది. వాళ్ళకోసం ఎముక బొమ్మలు, బట్టలు, రత్నాలు వేరుగా దాచండి. మాస్టర్‌వర్క్‌లే ముందు పెట్టండి, ఒకే బరువుకి ఎక్కువ విలువ.

సరుకు డిపోకి చేరేలోపు వర్తకులు వెళ్ళిపోయారు.

డిపో మీద నొక్కి ఏ సరుకు తేవాలో గుర్తు పెట్టగానే అది ఎగిరొచ్చి పడదు. ఎవడో ఒకడు వెళ్ళి మోసుకురావాలి. 300 మగ్గులు విడివిడిగా ఉంటే 300 సార్లు నడక. పెట్టెల్లో ఉంటే పెట్టెకి ఒక్క నడక. పూర్తయిన వస్తువుల గోదాము డిపో పక్కనే పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. క్యారవాన్ మ్యాప్ అంచున కనపడగానే గుర్తులు పెట్టేయండి, వాళ్ళు డిపో చేరి విప్పుకునేదాకా ఆగొద్దు. అలాగే దళారిని డిపోకి పిలిచే బటన్ వేరే ఉంది, అది మర్చిపోయి "వాడు రావట్లేదు" అనేవాళ్ళు ఎక్కువ.

మగ్గులు కాక ఇంకేం పోతాయి?

వండిన భోజనాలు. నాలుగు రకాల పదార్థాలతో వండే లావిష్ మీల్, వంటవాడి చెయ్యి మంచిదైతే, ఒక్క పీపా తిండితో సగం క్యారవాన్ కొనేయొచ్చు. మా గుంపులో కొందరు దీన్ని మోసం కిందే లెక్కేస్తారు. నాకైతే తప్పనిపించదు, పెళ్ళి వంటలకి పేరున్న చేతికి మన దగ్గర మాత్రం తక్కువ అడుగుతారా.

ఇంకోటి, చచ్చిన గోబ్లిన్ల బట్టలు. దండెత్తి వచ్చినవాళ్ళు చస్తే వాళ్ళ ఒంటిమీది గుడ్డలన్నీ మీవే. చిరిగినకొద్దీ పేరు పక్కన ఎక్స్ గుర్తులు పడతాయి, విలువ తగ్గుతుంది, అయినా పోతాయి. కడిగారా లేదా అని వర్తకులు అడగరు.

కొనాల్సినవి?

మొదటి ఏడాది దాగలి లేకపోతే ముందు అదే. దాగలి లేనిదే కొలిమి లేదు. తర్వాత తోలు, గుడ్డ, మీ కొండలో దొరకని లోహం. ఇనుము దొరకని చోట దిగినవాళ్ళు చవకగా వచ్చే ఇనప సామాన్లు కొని కరిగించుకుంటారు. చెట్లు లేనిచోట డ్వార్ఫుల దగ్గర దుంగలు కొనండి. ఎల్ఫుల దగ్గర జంతువులు తప్ప నాకు పెద్దగా ఏదీ నచ్చదు.

శరదృతువులో క్యారవాన్‌తో వచ్చే ఆ దొరగారు ఎవరు?

లియజాన్. మీ రాజ్యం దూత. మీ నాయకుడితో కూర్చుని, వచ్చే ఏడాదికి మీకేం కావాలో రాసుకుంటాడు. ఏది ఎంత గట్టిగా అడిగితే దానికి అంత ఎక్కువ ధర పెడతారు, అందుకని జాబితా అంతా పైకి లాగేయకండి. వాళ్ళకి ఏం కావాలో కూడా చెబుతాడు, ఆ సరుకుకి మామూలు కంటే మంచి రేటు కడతారు. ఆ కాగితం జాగ్రత్తగా చదివితే ఏడాది పొడుగునా ఏం చేయించాలో తెలిసిపోతుంది. మా వాళ్ళలో ఎవరూ చదవరు.

మేయర్ "ఎగుమతి నిషేధం" అన్నాడు. పట్టించుకోవాలా?

కోటలో 50 మంది దాటాక మేయర్ వస్తాడు, వాడితో పాటు వాడి సరదాలూ. తనకి నచ్చిన వస్తువు ఊరు దాటకూడదంటాడు. ఆ వస్తువు క్యారవాన్‌తో వెళ్ళిపోతే ఎవడో అమాయకుడికి శిక్ష పడుతుంది, మేయర్‌కి కాదు. నిషేధం పడ్డ రోజునే దాని పేరు కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి. ఉంగరాలు నిషేధమని మర్చిపోయి ఉంగరాల పెట్టె అమ్మి, మా ఊరి మంచి కమ్మరిని జైలుకి పంపించాను ఒకసారి.

బేరం లేకుండా లాక్కోవచ్చట కదా?

బటన్ ఉంది. లాక్కుంటే ఆ సరుకు మీదే, ఆ స్నేహం పోయింది. పదే పదే చేస్తే యుద్ధం దాకా వెళ్ళొచ్చు. డిపోని కూలగొట్టి కింద పడ్డ సరుకు ఏరుకోవడం కూడా దొంగతనమే. దీనికి ఎదురు పని, ఆఫర్ బటన్. ఊరికే ఇవ్వడం. మీ సొంత రాజ్యానికి మిగులు మగ్గులు కానుకగా ఇస్తే అదీ ఎగుమతి లెక్కలోకే వస్తుంది.

గోబ్లిన్లు వచ్చారని వంతెన ఎత్తేశాను. వర్తకులు లోపల ఉండిపోయారు.

తొందరగా దించండి. వెళ్ళే దారి లేక చాలాకాలం ఇరుక్కుపోతే వర్తకులకి మతి చలిస్తుంది. ఒకడు ఏడుస్తూ తిరుగుతాడు, ఒకడు కత్తి తీస్తాడు. చచ్చిపోతే సరుకు మీకు దక్కుతుంది గానీ, వాళ్ళ ఊరివాళ్ళు ఊరుకోరు.

బేరం మధ్యలో కరెంటు పోతే?

ఇది శ్రీకాకుళం ప్రశ్న, ఇంకెక్కడా అడగరు. సెట్టింగుల్లో ఆటోసేవ్ ప్రతి రుతువుకీ అని పెట్టుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను అక్షరాల రూపమే ఆడుతున్నాను. ముందు రాత్రి గాలి మొదలయ్యేసరికి శరదృతువు క్యారవాన్ డిపోలో ఉంది, కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద దాగలి కొన్నాను, గుడ్డ కొన్నాను, తోలు బేరంలో ఉండగా అదీ ఆరిపోయింది. తర్వాత చాలా రోజులు ఎవరికీ ఆటల ధ్యాస లేదు. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే శరదృతువు మొదటి రోజు. కొన్న దాగలి లేదు, గుడ్డ లేదు, మగ్గులన్నీ గోదాములోనే ఉన్నాయి, వర్తకులు ఇంకా బయల్దేరి రానేలేదు.